పుట్టగొడుగు కషాయం యాంటీబయాటిక్ కాదు

వానాకాలం వస్తే హైదరాబాద్ శివారు బోడుప్పల్ లేఔట్లలోని ఖాళీ ప్లాట్లలో, చెత్త కుళ్లిన చోటల్లా తెల్ల గొడుగులు లేస్తాయి. అడవి పుట్టగొడుగును మరిగించి తాగితే, ఎండబెట్టి పొడి చల్లితే యాంటీబయాటిక్‌తో పనే లేదన్న మాటా అప్పుడే మొదలవుతుంది. షుగర్ ఉన్న మనిషి ఇది నమ్మి కాలిపుండుకు పొడి అద్దుకుంటూ వారాలు గడిపితే కాలే పోవచ్చు. శుద్ధి చేయని ఆ పొడే పుండులోకి కొత్త క్రిముల్ని తెస్తుంది.

ఈ నమ్మకానికి ఆధారంగా పరిశోధన పత్రాలను చూపిస్తారు. పత్రాల్లో తప్పులేదు, చదివే తీరులోనే ఉంది. ప్రయోగశాలలో ఎండు పుట్టగొడుగును మిథనాల్‌లోనో ఇథైల్ అసిటేట్‌లోనో నానబెట్టి సారం తీస్తారు. బ్యాక్టీరియా పూసిన పళ్లెంలో ఆ సారం అద్దిన కాగితం బిళ్ల పెట్టి, మర్నాడు దాని చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం ఎన్ని మిల్లీమీటర్లుందో కొలుస్తారు. రుజువైంది అంతవరకే. బ్లీచింగ్ నీళ్ల చుక్క వేసినా ఆ పళ్లెంలో వలయం వస్తుంది. వాటిని ఎవరైనా తాగుతారా?

మోతాదు చూడండి. మంచి యాంటీబయాటిక్ మిల్లీలీటరుకు కొన్ని మైక్రోగ్రాములతోనే క్రిమిని ఆపుతుంది. ముడి సారానికి సాధారణంగా మిల్లీగ్రాములు కావాలి. అంటే వందల రెట్లు, ఒక్కోసారి వేల రెట్లు. పైగా ఇంట్లో మరిగించేది నీళ్లలో. మిథనాల్‌లో కరిగిందల్లా నీళ్లలోకి దిగదు. దిగినా పేగు దాటాలి, కాలేయం దాటాలి, పుండు దాకా చేరాలి. ఇవేవీ పళ్లెంలో తేలవు.

పుట్టగొడుగుల్లో మందు లేదనడమూ అబద్ధమే. క్లిటోపైలస్ జాతి నుంచి ప్లూరోమ్యూటిలిన్ అనే పదార్థాన్ని తీసినట్టు 1951లోనే ప్రకటించారు. దాని నుంచి వచ్చిన టియామ్యులిన్‌ను కోళ్లకు, పందులకు వాడుతున్నారు. మనుషుల చర్మానికి రెటాపామ్యులిన్ పూతమందు 2007లో, న్యుమోనియాకు లెఫామ్యులిన్ 2019లో అమెరికాలో అనుమతి పొందాయి. ఒక్క అణువును విడదీసి, మార్చి, విషం కాదని తేల్చడానికి అన్నేళ్లు పట్టింది. మన ఉప్పల్ రోడ్డు మీది రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో శాస్త్రవేత్తలు చేసేదీ ఇలాంటి ఓపిక పనే. గిన్నెలో అరగంట మరిగిస్తే ఆ పని జరగదు.

అడవి పుట్టగొడుగు విషమో కాదో తేల్చే ఇంటి చిట్కాలనూ నమ్మొద్దు. కూరలో పెట్టిన వెండి చెంచా నల్లబడకపోతే మంచిదన్నది తప్పు. పురుగు తిన్నది మనమూ తినొచ్చన్నదీ తప్పే. మరిగిస్తే విషం పోతుందన్న నమ్మకం వీటన్నిటికంటే ప్రమాదకరం. కొన్నిటిలో ఉండే ప్రాణాంతకమైన అమాటాక్సిన్లనే విషాలు ఉడికించినా నశించవు. అవి ఉన్నది తిన్న ఆరు గంటల తర్వాతగానీ సాధారణంగా వాంతులు మొదలుకావు. మధ్యలో తగ్గినట్టే ఉండి, రెండు మూడు రోజుల్లో కాలేయం దెబ్బతింటుంది. తినదగిన రకాలైనా నాచారం పారిశ్రామికవాడ లాంటి చోట్ల ఏరొద్దు. పుట్టగొడుగులు నేలలోని సీసం, కాడ్మియం వంటి లోహాలను పీల్చుకుంటాయి.

కూర తినాలనుంటే సాగుచేసినవి కొనుక్కోండి. జ్వరమైనా, మానని పుండైనా దగ్గరి బస్తీ దవాఖానాలో చూపించుకోండి. ఎవరైనా అడవి గొడుగు తిని వాంతులతో పడితే తగ్గుతుందేమోనని ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మిగిలిన ముక్కను కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లండి, ఏ రకమో డాక్టర్లు గుర్తించడానికి అది అవసరం.