బలరాం: మైదానంలో ఏడేళ్ళు, ఆ తర్వాత అరవై ఏళ్ళు

ఫుట్‌బాల్ అంటే కలకత్తావాళ్ళ సొత్తు అని మనలో చాలామంది అభిప్రాయం. కానీ ఆ కలకత్తాను ఉర్రూతలూపినవారిలో ఒకడు మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. పేరు తులసీదాస్ బలరాం. పుట్టింది 1936లో, ఒక పేద తమిళ కుటుంబంలో.

ఆ రోజుల్లో హైదరాబాదు ఫుట్‌బాల్‌కు పెద్ద దిక్కు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. బలరాంలోని పస కనిపెట్టింది కూడా ఆయనే. ప్రాక్టీసుకు రమ్మంటే, రానూపోనూ డబ్బులు లేవన్నాడట ఈ కుర్రాడు. కిరాయి సైకిలుకని రోజుకో రూపాయి రహీం సాబే ఇచ్చేవారట. రూపాయి అంటే అప్పట్లో తక్కువేం కాదు సుమా!

తర్వాతంతా పరుగే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో ఉన్నాడు. 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు, 1961లో ఆ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీతో మనం 2-1 తేడాతో ఓడిపోయాం. ఆ ఒక్క గోలూ బలరాందే. పెరూ మీద కొట్టిందీ అతనే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జపాను మీద గోలు చేశాడు, చివరికి స్వర్ణం మనదే. అదే ఏడు అర్జున అవార్డు వచ్చింది. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం - ఆ ముగ్గురి పేర్లూ ఒక్క ఊపిరిలో చెప్పేవారు.

ఆ ఊపిరే అతనికి అడ్డం తిరిగింది. 1963లో ప్లూరసీ వచ్చింది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర వాచిపోయే జబ్బది. గట్టిగా గాలి పీలిస్తే చాలు, ప్రక్కలో పొడిచినట్లుంటుంది. గంటన్నర పరుగెత్తి బతికే మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష ఏముంటుంది? ఇరవయ్యేడేళ్ళకే ఆట ముగిసింది. గురువు రహీం కన్నుమూసిందీ ఆ సంవత్సరమే.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. అప్పటి మన ఆటగాళ్ళు కాగితం మీద అమెచ్యూర్లు. ఆటే వృత్తి, కానీ జీతం ఇచ్చేది పోలీసో, రైల్వేయో. ఎంత పేరున్నా, బూట్లు విప్పేశాక మిగిలేది ఆ నౌకరీయే. బలరాం చివర్లో ఈస్ట్ బెంగాల్ వదిలి బి.ఎన్.ఆర్. రైల్వే జట్టుకు వెళ్ళడం చూసి ఆశ్చర్యపోయేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలు. ఆట మానాక కోచ్‌గా పిల్లలకు నేర్పాడు. పెళ్ళి చేసుకోలేదు. సికింద్రాబాద్ తిరిగి రాలేదు. హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపాడాలో ఒక ఫ్లాటులో ఒంటరిగా గడిపాడు.

చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ ఇచ్చారు. బలరాంకు రానేలేదు. ఎందుకో ఢిల్లీ పెద్దలే చెప్పాలి. తన పాత క్లబ్బు మీద కూడా మనసు విరిగిపోయింది. చనిపోయాక తన దేహాన్ని అక్కడికి తీసుకువెళ్ళవద్దని ముందే చెప్పాడు.

పి.కె., చునీ ఇద్దరూ 2020లో పోయారు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో బలరాం కూడా వెళ్ళిపోయాడు. రహీం సాబ్ కథతో తీసిన 'మైదాన్' సినిమా 2024 ఏప్రిల్లో వచ్చింది. అందులో బలరాం పాత్ర ఉంది. చూడటానికి ఆయన లేడు.