టికెట్ మిషనూ కంప్యూటరే

ఏం నాయనా, హిందూపురంలో బస్సెక్కినప్పుడు కండక్టరు చేతిలో మిషను చూసినావా? అదీ కంప్యూటరే. ప్రాసెసరు, మెమరీ, బ్యాటరీ, ప్రింటరు అన్నీ అరచేతిలో ఇమిడిపోయినాయి. నువ్వు పెనుకొండ అంటూనే రెండు మీటలు నొక్కుతాడు, ఛార్జీ లెక్కేసి టికెట్టు బయటికి తోస్తుంది.

దాంట్లో సిరా ఉండదు తెలుసునా? కాగితానికే మందు పూసింటారు. ప్రింటరులోని సన్నటి చుక్కలు వేడెక్కి తాకినచోటల్లా ఆ పూత నల్లబడుతుంది. సిరా బుడ్డి మోసే పని తప్పింది గనకే మిషను అంత చిన్నదయింది. తంటా కూడా అక్కడే. కొన్నాళ్లకు అక్షరాలు వెలిసిపోతాయి. దాచుకోవాల్సిన బిల్లు అట్లాంటి కాగితం మీద ఇస్తే వెంటనే జిరాక్స్ తీయించు.

చిన్న డబ్బాకు అసలు శత్రువు వేడి. ప్రాసెసరు తాగిన కరెంటంతా కడకు వేడిగానే తేలుతుంది. పెద్ద కంప్యూటరుకు ఫ్యానుంటుంది. నీ ట్యాబ్‌కు ఏముంది? వీపులోంచే వేడి పోవల్ల. ఎంత పోతుందనేది వీపుకూ గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. వీపు 45 డిగ్రీలు దాటితే చెయ్యి పట్టలేదు. చలికాలం పొద్దున గాలి 20 డిగ్రీలుంటే తేడా 25. మన సీమ ఎండాకాలంలో గాలే 40 ఉంటే మిగిలేది 5. ఇంక వేడి ఎట్ల దిగుతుంది? అందుకని చిప్పు తనంతట తానే నెమ్మదిస్తుంది. నువ్వేమో చెడిపోయిందని దాన్ని తడుతుంటావు!

మనకు దగ్గర్లోనే, బెంగళూరులో, ఐఐఎస్‌సీ అయ్యవార్లు, ఎన్‌కోర్ కంపెనీ ఇంజనీర్లు కలిసి 2001 నాటికే సింప్యూటర్ అని అరచేతిలో పట్టే కంప్యూటరు ఒకటి చేసినారు. చదువు రానోళ్లకు రాసింది చదివి వినిపించాలని వాళ్ల ఆశ. ఊరందరికీ మిషను ఒకటే, స్మార్ట్ కార్డు మాత్రం ఎవరిది వాళ్లది. 2004లో అమిడా పేరుతో అంగట్లోకీ వచ్చింది. అంతలో సెల్‌ఫోన్లు చవకై ఎవరి జేబులోకి వాళ్లకు చేరినాయి, సింప్యూటర్ నిలవలేదు. నన్నడిగితే, అరువు మిషను మీద జనానికి మనసు పోదు. ఆలోచన మాత్రం బంగారం.

ఇంక తెర సంగతి. ధర్మవరం డబుల్ షేడ్ పట్టుచీర ఉందే, దాంట్లో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. పట్టు పోగు మెరుపు చూసే వాలును బట్టి మారుతుంది గదా, చీర వంచేకొద్దీ ఒకసారి పడుగు రంగు పైకొస్తుంది, ఒకసారి పేక రంగు. ఫోన్ తెర మీద చుక్క అట్లా కాదు. ఏ పక్కనుంచి చూసినా దాదాపు ఒకటే రంగు. అందుకే తెలివైన అంగడోళ్లు ఫోటో పంపి ఊరుకోరు. వీడియో కాల్ పెట్టి కొంగును అటూ ఇటూ తిప్పి చూపిస్తారు. మీ అత్త ఫోటో చూసి తెప్పించుకుని, వచ్చినాక రంగు వేరని గొడవకు దిగింది. నేసినోళ్లు చేసిన మోసమేం లేదు. ఆ చీరకున్న రెండు రంగుల్లో ఫోటోలో పడింది ఒకటే.