బేగంబజార్: రెండు నెట్ కనెక్షన్లున్నా బిల్లింగ్ ఆగిపోతోందా? లినక్స్‌లో ఈ సెట్టింగ్స్ చూసుకోండి!

బేగంబజార్‌లో హోల్‌సేల్ గిరాకీ జోరుగా ఉన్న టైమ్‌లో నెట్ పోతే పరిస్థితేంటి? రూ.50 వేలు దాటిన సరుకు బండెక్కాలంటే ఈ-వే బిల్లు ఉండాలి. అది సాధారణంగా ఆన్‌లైన్‌లోనే తీస్తారు. అందుకే రెండో కనెక్షన్ అవసరం. అయితే రెండూ ఒకే స్తంభం మీది కేబుళ్లయితే లాభం లేదు.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శ్రీకృష్ణుడి రథానికి కరెంట్ తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లను తొలగించడంతో చాలాచోట్ల నెట్ ఆగిపోయింది. కాబట్టి ఒకటి ఫైబర్ అయితే, రెండోది సిమ్‌తో నడిచే 4జీ లేదా 5జీ ఉండటం మేలు.

ఫెయిలోవర్ అంటే?
మెయిన్ లైన్ పోతే రెండోది దానంతటదే అందుకోవడం. లినక్స్‌లో ప్రతి దారికీ ‘మెట్రిక్’ అనే నంబర్ ఉంటుంది. చిన్న నంబర్‌కే ఫస్ట్ ఛాన్స్. ఫైబర్‌కు 100, సిమ్‌కు 200 ఇస్తే ఫైబర్ ఉన్నంతసేపు నెట్ అందులోనే నడుస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే!
బయట కేబుల్ తెగినా మోడెమ్‌కు, కంప్యూటర్‌కు మధ్య వైరు బాగానే ఉంటుంది. దీంతో లైన్ బాగుందనే లినక్స్ అనుకుంటుంది. అందుకే ఒక్కో లైన్ నుంచి కొన్ని సెకన్లకోసారి 8.8.8.8, 1.1.1.1 లాంటి బయటి అడ్రస్‌లకు పింగ్ పంపాలి. వరుసగా మూడు, నాలుగుసార్లు ఏదీ పలకకపోతేనే లైన్ మార్చాలి. ఒక్కసారికే మారిస్తే నెట్ అటూ ఇటూ ఊగుతుంది. రౌటర్ల కోసం తయారైన లినక్స్ ‘ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ’లో ‘ఎంవాన్3’ అనే ప్యాకేజీ ఈ పని చూసుకుంటుంది.

రెండూ కలిపి వాడితే?
అదే లోడ్ బ్యాలెన్సింగ్. 100 ఎంబీపీఎస్, 50 ఎంబీపీఎస్ లైన్లుంటే 2:1 ‘వెయిట్’ ఇవ్వొచ్చు. అలాగని ఒక్క డౌన్‌లోడ్‌కే 150 స్పీడ్ రాదు. లినక్స్ పంచేది కనెక్షన్ల వారీగానే. బ్యాంకు పని మధ్యలో లైన్ మారితే ఐపీ అడ్రస్ కూడా మారిపోయి లాగౌట్ కావచ్చు. అలాంటి సైట్లను ఒకే లైన్‌కు కట్టేయడం మంచిది.

చివరగా టెస్ట్ తప్పనిసరి. గిరాకీ లేని టైమ్ చూసి, మోడెమ్‌కు బయటి నుంచి వచ్చే ఫైబర్ తీగను తీసి చూడాలి. కంప్యూటర్ వైపు వైరు తీస్తే అసలు లోపం బయటపడదు. బిల్లింగ్ ఆగకుండా నడిస్తేనే సెటప్ పక్కా అన్నట్టు!