బీరువాలో దాచే బ్యాకప్‌కి ఏ డిస్కు?

కంప్యూటర్ బ్యాకప్ కోసం ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనబోతే షాపులో ముందు ఎస్‌ఎస్‌డీ చూపిస్తారు. తేలిక, మంచి వేగం, కిందపడినా తట్టుకుంటుంది. అయినా బ్యాకప్ తీసి బీరువాలో పెట్టేవాళ్లకు నేను తిరిగే హార్డ్ డిస్కునే కొనమంటాను.

డేటా దాచే తీరే అందుకు కారణం. ఎస్‌ఎస్‌డీ అతి సన్నని సెల్స్‌లో ఎలక్ట్రాన్లను బంధించి ఉంచుతుంది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే అవి కొద్దికొద్దిగా జారిపోతాయి, వేడిలో ఇంకా త్వరగా. రాతల పరిమితి అయిపోయిన ఎస్‌ఎస్‌డీలో 30 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు డేటా నిలవాలన్నది ఇంటి వాడకానికి పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం. కొత్తదైతే చాలాకాలం ఉంటుంది కానీ, మే నెలలో మన గదులు 30 దగ్గర ఆగవు. హార్డ్ డిస్కుది అయస్కాంతపు రాత, కరెంటుతో పనిలేకుండా నిలుస్తుంది.

దానికి భయమల్లా కుదుపే. గిర్రున తిరిగే పళ్లెం మీద కొన్ని నానోమీటర్ల ఎత్తున డేటా చదివే హెడ్ తేలుతుంటుంది. కాపీ జరుగుతుండగా డిస్కును కదిలించకండి.

చవక డిస్కుల్లో చాలావాటికి ఎస్‌ఎంఆర్ పద్ధతి ఉంటుంది. పెంకుటింటి కప్పులా ఒక ట్రాకు అంచు మీద ఇంకో ట్రాకు రాస్తారు. మధ్యలో ఒకటి మార్చాలంటే పక్కవాటినీ తిరిగి రాయాలి, అందుకే అస్తమానం మార్పులు చేసే పనికి నెమ్మది. వరసగా రాసి పక్కన పెట్టే బ్యాకప్‌కి ఏ ఇబ్బందీ లేదు. సెకనుకు 100 ఎంబీ చొప్పున 500 జీబీ గంటన్నరలోపే ఎక్కుతుంది. చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే ఇంకా పడుతుంది.

సైజు మీ డేటాకు రెండింతలు ఉండాలి. 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ 1024 లెక్కన 931 జీబీ చూపిస్తుంది, మోసమేమీ లేదు. రెండున్నర అంగుళాల డిస్కుకు యూఎస్‌బీ కరెంటే చాలు, మూడున్నర అంగుళాలదానికి అడాప్టర్ కావాలి.

డబ్బు మిగిలితే పెద్దది కాదు, రెండోది కొనండి. ఏ డిస్కయినా చెప్పకుండా పోవచ్చు. ఒకటి వేరే ఇంట్లో ఉంచండి. పని కాగానే కేబుల్ పీకేయండి. తగిలించి వదిలేసిన డిస్కును ర్యాన్సమ్‌వేర్ కంప్యూటర్‌తోపాటే తాళం వేసేస్తుంది. కొన్న వారంలోనే ఒక ఫోల్డర్‌ను డిస్కులోంచి వెనక్కి తెచ్చి, ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.