పరదేశమున యువజన గణాంక సేవ: నేపాలు దృష్టాంతము

పరదేశమునకు బోయి స్వచ్ఛందముగా సేవ చేయుట యనగానే పాఠశాలలో చదువు చెప్పుట, రోగులకు శుశ్రూష చేయుట, నూతులు త్రవ్వించుట మున్నగునవి స్ఫురించును. ఇట్టి సేవలో మఱియొక శాఖ కలదు. ఒక దేశపు యువజనులను గూర్చి సేకరించిన వివరములను పరిశీలించి, పట్టికలుగా కూర్చి, ప్రణాళికలు వేయువారికి పనికివచ్చు సారమును వానినుండి దీయుటయే ఆ శాఖ. పైకి ఇది శుష్కమైన పనిగా కనిపించును. కాని లెక్కలోనికి రాని బిడ్డకు ప్రణాళికలో చోటు దొరకదు.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1970 డిసెంబరులో స్వచ్ఛంద సేవకుల కార్యక్రమమును నెలకొల్పెను. అది 1971లో పని ప్రారంభించెను; 1996 నుండి దాని ప్రధాన కార్యాలయము జర్మనీలోని బాన్ నగరమున నున్నది. ఈ సేవకులకు జీతము లేదు, జీవనభృతి మాత్రము కలదు. 18 మొదలు 26 ఏండ్ల వారికి యువసేవకులుగను, 27 ఏండ్లు నిండినవారికి నిపుణ సేవకులుగను అవకాశము లుండును. 2000 సంవత్సరము నుండి ఇంటియొద్దనే యుండి ఇంటర్నెట్టు మూలమున సేవ చేయు వీలు కూడ కలిగినది. గణాంక పరిశీలన ఇట్టి సేవకు మిక్కిలి అనువైనది.

ఈ పనిలోని సాధకబాధకములు తెలియుటకు మన పొరుగుననున్న నేపాలు మంచి దృష్టాంతము. 2015 నాటి రాజ్యాంగము ననుసరించి అచ్చట 7 ప్రదేశములును, 753 స్థానిక ప్రభుత్వములును ఏర్పడినవి. పూర్వము కాఠ్మండూలో జరిగిన ప్రణాళికా రచనలో గొప్ప భాగము నేడు గ్రామ నగర పాలికల చేతికి వచ్చినది. దేశపు మొత్తపు సంఖ్య వారికి చాలదు. తమ పాలికలోని యువజనుల సంఖ్య, చదువు, పని ఎట్టివో తెలియవలెను.

సేవకునకు మొదట ఎదురగు ప్రశ్న, యువజను డెవ్వడు? ఐక్యరాజ్యసమితి గణాంకములకు 15 మొదలు 24 ఏండ్లవారు యువజనులు. భారతదేశపు 2014 యువజన విధానమున 15 మొదలు 29. నేపాలు 2015 విధానమున 16 మొదలు 40. ఈ చివరి కొలతతో చూచినచో 2021 జనగణనలోని 2,91,64,578 మందిలో నూటికి 42 మందికి పైగా యువజనులే. ఐక్యరాజ్యసమితి కొలతతో చూచినచో ఆ సంఖ్య సగమునకు దరిదాపుగా తగ్గును. రెండును సత్యములే, ఏ కొలతతో లెక్కించితిమో చెప్పకుండుట మాత్రము అసత్యమునకు దారి. పంచాంగభేదము వలన కూడ పొరపాటు రావచ్చును. నేపాలులో విక్రమశకము వాడుకలో నున్నది. ఏప్రిలు నడుమ నుండి డిసెంబరు వఱకు మన సంవత్సరమునకు 57ను, జనవరి నుండి ఏప్రిలు నడుమ వఱకు 56ను కలుపవలెను. ఇది యెఱుగని వాని పట్టికలో కొందఱి వయస్సు ఒక యేడు తప్పును.

రెండవ ప్రశ్న, ఊరిలో లేనివారి సంగతి యేమి? 2021 జనగణన ప్రకారము ఇంచుమించు 22 లక్షల మంది నేపాలీయులు విదేశములలో నుండిరి. వారిలో అత్యధికులు పురుషులు. వీరు పై జనసంఖ్యలో చేరరు. కావున ఒక పాలిక పట్టికలో యువకులు తక్కువగా కనిపించినచో, అది జననముల తగ్గుదలయా, వలసయా యని విచారింపవలెను. విచారింపక వేసిన ప్రణాళిక ఉన్నవారికిని చాలదు, తిరిగివచ్చువారికిని చాలదు.

మూడవ ప్రశ్న, పని యనగా నేమి? 2013లో అంతర్జాతీయ కార్మిక గణాంకవేత్తల సదస్సు చేసిన నిర్ణయము ననుసరించి కూలికొఱకు గాని లాభము కొఱకు గాని చేయునదే ఉద్యోగము. ఇంటి తిండికొఱకు చేయు సేద్యము అందు చేరదు. నేపాలు 2017-18 కార్మిక సర్వే ఈ నియమమునే పాటించెను. నిరుద్యోగము నూటికి 11.4 అని తేల్చెను. తెల్లవారక మునుపే లేచి పశువులకు గడ్డి కోసి, నీరు మోసి, సొంత చేనిలో పాటుపడు బాలిక బడి మానినదైనచో, ఆమె చదువును లేని, ఉద్యోగమును లేని వారి వరుసలో చేరును. ఆ వరుసను జూచి ఆమెను సోమరి యని తలచుట అన్యాయము. 2025 సెప్టెంబరులో నేపాలు యువజనులు వీథులకెక్కగా ప్రధానమంత్రి రాజీనామా చేసెను. సామాజిక మాధ్యమముల నిషేధము, అవినీతి వారి ఆగ్రహమునకు తక్షణ కారణములు. ఉపాధి లేమియు, వలసయు దాని వెనుకనున్న బాధలు.

నాలుగవది భాష. 2021 జనగణనలో 124 మాతృభాషలు నమోదైనవి. నేపాలీ మాతృభాషగా గలవారు నూటికి 45 మందికి లోపే. ప్రశ్నావళి ఒక్క నేపాలీలోనే యున్నచో మైథిలి, భోజపురి, థారూ మాటలాడు యువతి చెప్పదలచినది కాగితముపైకి పూర్తిగా రాదు.

ఈ మాట బయటి రాష్ట్రములలోని తెలుగువారికి సులభముగా బోధపడును. యానామునే చూడుడు. 2011 జనగణనలో పుదుచ్చేరి ప్రాంతపు జనసంఖ్య 12,47,953. అందు యానాము వారు 55,626. అనగా నూటికి అయిదుగురు కూడ లేరు. మొత్తపు సగటు ఎంత బాగున్నను, యానాము బాలుర స్థితి అందులో కనబడదు. బరంపురము, హోసూరు, షోలాపురము తెలుగువారి సంగతియు నిట్టిదే. సగటులో కలిసిపోయినవారి బాధ యెఱిగిన సేవకుడు, పరదేశమున పట్టిక వేయునప్పుడు ఆడపిల్లలకు, చిన్న భాషలవారికి, దూరపు పల్లెలకు వేఱు వరుసలు పెట్టక మానడు. ఆ వరుసలలో సంఖ్యలు మరీ చిన్నవైనచో, వ్యక్తులు గుర్తింపబడకుండ వానిని కలిపి చూపుటయు నతని ధర్మము.

ఈ విద్య మనవారికి క్రొత్త కాదు. నేటి కర్ణాటకములోని హడగలిలో 1920లో తెలుగు కుటుంబమున జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1946లో కేంబ్రిడ్జికి బోయి, సూడానులోని జెబెల్ మోయాలో దొరకిన ప్రాచీన మానవుల యెముకల కొలతలను గణాంక పద్ధతులతో పరిశీలించిరి. అది స్వచ్ఛంద సేవ కాకపోయినను, ఒక దేశమున నేర్చిన లెక్క వేఱొక దేశపు జనులను తెలిసికొనుటకు సాధనమగునని ఋజువు చేసినది.

సేవకుని గడువు కొలదికాలమే. అతడు వెడలిన పిమ్మట స్థానికులు మరల అట్టి పట్టికను తామే వేసికొనగలిగినచో సేవ సఫలము. అందుచేత పద్ధతిని వ్రాసియుంచవలెను, పాలిక ఉద్యోగికి నేర్పవలెను, ఫలితములను యువజనులకే వారి భాషలో వినిపింపవలెను. మన సంఘముల యువకులు ఈ శిక్షణ పొందినచో పరదేశమునకు మేలగుటయే గాక, తిరిగివచ్చి తమ యూరి తెలుగు పిల్లలలో ఎందఱు ఎచ్చట చదువు మానుచున్నారో లెక్క చూపగలరు. అట్టి లెక్క చేతనున్న సంఘము అధికారుల యెదుట నిలిచి అడుగగలదు.