కరెంటు మధ్యలో మానకండి
"సిస్టరుగారూ, కరెంటు పెట్టించాలంటే ఇల్లు అమ్ముకోవాలా?" కోకాపేటలో భవనాల పనికి వెళ్ళేవారు మమ్మల్ని ఇలా అడుగుతుంటారు. క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్‌నే మనవాళ్ళు కరెంటు అంటారు. అమ్ముకోనక్కరలేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఈ చికిత్స ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దీని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. రెడ్ హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. ఆస్పత్రిలోనూ చేస్తారు. రేషన్ కార్డు తీసుకువెళ్ళండి.

అయితే బస్సు ఛార్జీలు, పోయిన కూలి మాటేమిటి? ఆ భారంతోనే కొందరు సగంలో మానేస్తారు. అప్పుడు మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్ళీ పెరుగుతాయి. రొమ్ము క్యాన్సర్‌లో చాలామందికి అయిదు వారాలకు బదులు మూడు వారాలు సరిపోతాయని పరిశోధనల్లో తేలింది. మీకు కుదురుతుందేమో డాక్టరుగారిని అడగండి. ఇబ్బంది ఉంటే మానకముందే మాకు చెప్పండి.