పేరు అడగరు... డాలర్లు ఇస్తారు!

అమెరికాలో గ్యాస్ స్టేషన్లలో, కన్వీనియెన్స్ స్టోర్లలో రాత్రి షిఫ్టులు చేసే మనవాళ్లకు ‘క్రైమ్ స్టాపర్స్’ పోస్టర్లు కొత్త కాదు. నేరం గురించి తెలిస్తే చెప్పండి, బహుమతి పొందండి అని ఉంటుంది. ఆ డబ్బు పోలీసు శాఖదే అనుకుంటారు చాలామంది. కాదు, ఎక్కువగా ఊళ్లోవాళ్లిచ్చే చందా అది.

దీని పుట్టుక కూడా గ్యాస్ స్టేషన్ నుంచే. 1976 జులైలో న్యూమెక్సికోలోని ఆల్బుకర్కీలో, గ్యాస్ స్టేషన్లో పనిచేస్తున్న మైఖేల్ కార్మెన్ అనే విద్యార్థిని దుండగులు కాల్చి చంపారు. ఆధారాలు దొరకలేదు. డిటెక్టివ్ గ్రెగ్ మెకలీస్ ఆ ఘటనను నటులతో చేయించి స్థానిక టీవీలో చూపించారు. పేరు చెప్పక్కర్లేదు, డబ్బిస్తామన్నారు. మూడు రోజుల్లోపే ఫోనొచ్చింది. నిందితులు దొరికారు. ఆ ఏడాదే సంస్థ మొదలైంది, తర్వాత ఎన్నో ఊళ్లకు పాకింది. ఎక్కడికక్కడ విడి సంస్థ, విడి ఖాతా.

ఫోన్ చేసినవాళ్లకు ఓ నంబరిస్తారు. కేసు తేలాక ఎంత ఇవ్వాలో బోర్డు తేలుస్తుంది. అందులో ఉండేది జీతం లేని స్థానికులే. చాలాచోట్ల వెయ్యి డాలర్ల దాకా ఇస్తారు. నంబరు చెప్పి బ్యాంకులో నగదు తీసుకోవడం ఒక పద్ధతి.

చిక్కంతా ఇక్కడే. డబ్బు తీసుకున్నవాళ్ల పేరుండదు, సంతకముండదు. మరి లెక్కెలా? బోర్డు తీర్మానం, నంబరు, బ్యాంకు చెల్లింపు... మూడూ కలవాలి. ఫోన్లు చూసే పోలీసు అధికారి చేతికి చెక్కుబుక్కు ఇవ్వకపోవడమే మంచిది. ఇక భయంతో కొందరు బహుమతికి రానేరారు. ఆ సొమ్ము ఏమైందో కూడా లెక్కలో కనబడాలి.

రాబడి అంటే చందాలు, విందులు, గోల్ఫ్ పోటీలు. టెక్సస్‌లోనైతే ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లచేత కోర్టు కొంత సొమ్ము కట్టించొచ్చు. దొంగ డబ్బుతో దొంగను పట్టించడమన్నమాట!

మీ ఊరి సంస్థకు చెక్కు రాసేముందు ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్లో దాని పేరు వెతకండి. ఫారం 990 ఉంటే ఎవరైనా చూడొచ్చు. అయితే ఏడాది రాబడి మామూలుగా 50,000 డాలర్లు దాటని సంస్థలు ‘ఈ-పోస్ట్‌కార్డు’ పంపితే చాలు. అందులో జమాఖర్చులుండవు. అదీ వరుసగా మూడేళ్లు పంపకపోతే పన్ను మినహాయింపు హోదా దానంతటదే పోతుంది. కాబట్టి చిన్న సంస్థనైతే నేరుగా అడగాల్సిందే: నిరుడు ఎంతొచ్చింది, బహుమతులకెంత పోయింది, మిగతాది దేనికి? నీళ్లు నమిలితే చెక్కు రాయొద్దు. పోలీసులమంటూ ఫోన్ చేసి గిఫ్ట్ కార్డుల్లో చందా అడిగితే మాత్రం, ఇన్ని ప్రశ్నలు కూడా అక్కర్లేదు. ఫోన్ పెట్టేయండి.